వెన్నెముక ఆపరేషన్‌కి విదేశం వెళ్తున్నారా? సర్జన్‌ని ఎంచుకునే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

వెన్నెముక ఆపరేషన్ కోసం వేరే దేశం వెళ్దామనుకునేవాళ్లలో చాలామంది ముందు దేశాన్ని చూస్తారు, తర్వాత హాస్పిటల్‌ని, ఆ తర్వాత ప్యాకేజీని. డాక్టర్ పేరు వినేది అన్నిటికంటే చివర్లో, ఒక్కోసారి టికెట్లు బుక్ చేశాక. మా అక్క నడుము ఆపరేషన్ కోసం వెతికినప్పుడు మేమూ మొదటి నెలంతా ఇదే పొరపాటు చేశాం. హాస్పిటళ్ల వెబ్‌సైట్లు చూస్తూ, కోఆర్డినేటర్లకి మెసేజ్‌లు పెడుతూ గడిపేశాం. ఆపరేషన్ చేసే మనిషి ఎవరు, ఇలాంటివి ఎన్ని చేశారు, అసలు అక్కకి ఆపరేషన్ అవసరమని ఎందుకనుకుంటున్నారు అని ఒక్కరినీ అడగలేదు. అడగడం మొదలుపెట్టాక మా జాబితాలో ఉన్న ఐదుగురిలో ముగ్గురిని మేమే కొట్టేశాం.

అప్పుడు నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. కొన్ని అడుగులు ఒక్క రోజులో అయిపోతాయి, కొన్నిటికి వారాలు పడతాయి. ఆరో అడుగు మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి.

ముందుగా: ప్రయాణం మానుకోవాల్సిన లక్షణాలు

మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండానే పోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య, మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాలో చెయ్యో రోజురోజుకీ బలం తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా విదేశం సంగతి పక్కనపెట్టి అదే రోజు దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. మొదట చెప్పిన మూడూ వెన్ను కింది భాగంలోని నరాల కట్ట నలిగిపోతోందనడానికి గుర్తులు. దాన్ని కాడా ఎక్వైనా సిండ్రోమ్ అంటారు. అక్కడ గంటలు కూడా లెక్కే, వీసా కోసం ఆగితే పోయిన నరం తిరిగి రాకపోవచ్చు. నడుము నొప్పితోపాటు జ్వరం ఉన్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, ముందు ఉన్నచోటే పరీక్షలు చేయించుకోవాలి.

1. అసలు ఆపరేషన్ కావాలా అన్నది ముందు తేల్చుకోండి

నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2007లో వెలువడింది. డిస్క్ జారి 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పితో, బాధపడుతున్న 283 మందిని తీసుకుని, కొందరికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లని మందులు, వ్యాయామాలతో ఆగమన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మందికి తర్వాత ఎలాగూ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆపరేషన్ ముందే చేయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామని చెప్పారు. అంటే నరం బలహీనపడకుండా నొప్పి మాత్రమే ఉన్నప్పుడు, తొందరపడాలా ఆగాలా అనేది చాలామంది విషయంలో మీరు ఆలోచించుకుని తీసుకోగలిగిన నిర్ణయమే. ఎవరైనా ఫోన్‌లో స్కాన్ రిపోర్టు చదివి వచ్చే వారమే చేసేయాలంటే, ఎందుకంత తొందర అని అడిగే హక్కు మీకుంది.

స్కాన్ గురించి ఇంకో విషయం. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లని పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో ఒక సమీక్ష వేశారు. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించిందట. నొప్పి లేనివాళ్లలో ఇది. కాబట్టి రిపోర్టులో అరుగుదల, ఉబ్బు అని రాసి ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని చెప్పడానికి లేదు. మీరు చెప్పే నొప్పి, డాక్టర్ చేత్తో పరీక్షించి చూసినది, స్కాన్‌లో కనిపించేది, ఈ మూడూ ఒకే నరాన్ని చూపించాలి. అలా కుదిరినప్పుడు, ముఖ్యంగా కాల్లోకో చేతిలోకో దిగే నొప్పికి, ఆపరేషన్ ఫలితాలు బాగుంటాయి. కాళ్లలోకి ఏమీ దిగకుండా నడుము మాత్రమే నొప్పి పెడుతుంటే, అరిగిన డిస్క్‌ని చూపించి ఫ్యూజన్ (పూసలని కలిపి అతికించే ఆపరేషన్) చేద్దామన్నారంటే, అక్కడ రెండింతలు జాగ్రత్తగా ఉండండి.

2. మీ ఆపరేషన్‌కి పూర్తి పేరు తెలుసుకోండి

వెన్నెముక ఆపరేషన్ అనేది ఒక్కటి కాదు. జారిన డిస్క్ ముక్కని తీసేయడం డిస్కెక్టమీ. ఇరుకైన కాలువని వెడల్పు చేసి నరాలకి చోటివ్వడం డీకంప్రెషన్, లామినెక్టమీ అనేది అందులోదే. రెండు మూడు పూసలని స్క్రూలు, రాడ్లు, కేజ్‌లతో కలిపి ఒకే ఎముకగా అతికేలా చేయడం ఫ్యూజన్. అరిగిన డిస్క్ తీసి కదిలే కృత్రిమ డిస్క్ పెట్టడం ఇంకొకటి. గూని, పక్కకి వంగిన వెన్ను సరిచేయడం వీటన్నిటికంటే పెద్ద ఆపరేషన్. ఒకదానిలో ఆరితేరినవాళ్లు ఇంకోదానిలో అంతే అనుభవం ఉన్నవాళ్లు కానక్కర్లేదు.

అందుకని, ఏ లెవల్ (అంటే ఏ పూసల దగ్గర), ఏ వైపు, ఏ పద్ధతి, స్క్రూలు పెడతారా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాయించుకోండి. ఉదాహరణకి "ఎల్4-ఎల్5 దగ్గర ఎడమవైపు మైక్రోడిస్కెక్టమీ, ఇంప్లాంట్లు లేవు" అని. ఈ వాక్యం చేతిలో లేకుండా ఇద్దరు సర్జన్లని పోల్చడం కుదరదు.

3. ఫైల్ తయారుచేయండి

ఎమ్మారై రిపోర్టు కాగితం, ఫోన్‌తో తీసిన ఫిల్మ్ ఫొటోలు సరిపోవు. స్కాన్ సెంటర్‌ని అడిగి డైకామ్ ఫైళ్లు తీసుకోండి, సర్జన్ తన కంప్యూటర్‌లో ఒక్కో ముక్కని తిప్పి చూసేది వాటినే. స్కాన్ ఆరు నెలలకంటే పాతదైనా, మధ్యలో లక్షణాలు మారినా మళ్లీ చేయించడం మంచిది. నిలబడి తీసిన ఎక్స్‌రే, ముందుకీ వెనక్కీ వంగి తీసిన ఎక్స్‌రేలు కూడా చేర్చండి. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు కదా, నిలబడినప్పుడు పూస జరుగుతోందా లేదా అనేది అందులో తెలియకపోవచ్చు. స్క్రూలు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం చాలాసార్లు ఈ ఎక్స్‌రేల మీదే ఆధారపడుతుంది. వంకర వెన్ను అయితే మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్మ్‌లో తీసిన పొడవాటి ఎక్స్‌రే కావాలి. పాత ఆపరేషన్ ఏదైనా ఉంటే దాని నోట్స్, వీలైతే సీటీ స్కాన్ పెట్టండి.

వీటికి ఒక పేజీ కాగితం జతచేయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోంది, ఎంత దూరం నడవగలుగుతున్నారు, ఏ మందులు, ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ ఎన్ని వారాలు చేశారు, షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు, అలర్జీలు, పొగ అలవాటు. మీకు పుట్టుకతోనే నడుము పూస ఒకటి ఎక్కువో తక్కువో ఉందని, లేదా కింది పూస త్రికంతో (నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముకతో) కలిసిపోయి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే దాన్ని మొదటి వరసలోనే రాయండి. అలాంటివాళ్లలో పూసల లెక్క ఒక్కో రిపోర్టులో ఒక్కోలా వస్తుంది, తప్పు లెవల్‌లో ఆపరేషన్ జరగడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

4. పేర్లు పోగుచేసి, ఒక్కొక్కరినీ పరిశీలించండి

మొదటి జాబితా ఎక్కడి నుంచైనా రావచ్చు, మీ ఫిజియోథెరపిస్ట్, మీ న్యూరాలజిస్ట్, ఆపరేషన్ చేయించుకున్న తెలిసినవాళ్లు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ముందు లైసెన్స్. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎవరైనా పేరు కొట్టి చూడొచ్చు, స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో ఉన్నారా, షరతులేమైనా పెట్టారా అన్నది కూడా అందులో ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆప్రా, సింగపూర్‌లో మెడికల్ కౌన్సిల్ అలాగే రిజిస్టర్లు నడుపుతున్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం మెడికల్ బోర్డు ఉంటుంది, స్పెషాలిటీ సర్టిఫికెట్ ఉందో లేదో వేరేగా చూసుకోవచ్చు. మందులు, ఇంప్లాంట్లు తయారుచేసే కంపెనీల నుంచి అక్కడి డాక్టర్లకి ఎంత డబ్బు అందిందో ఓపెన్ పేమెంట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. డబ్బు అందినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. కానీ మీకు పెట్టబోయే ఇంప్లాంట్ కంపెనీ పేరే అక్కడ కనిపిస్తే ఆ సంగతి అడగాలి. మీరు వెళ్లే దేశం రిజిస్టర్ ఆన్‌లైన్‌లో లేకపోతే సర్జన్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, ఆ దేశపు మెడికల్ కౌన్సిల్‌కే నేరుగా మెయిల్ పెట్టండి.

తర్వాత శిక్షణ. వెన్నెముక ఆపరేషన్లు న్యూరోసర్జన్లూ చేస్తారు, ఆర్థోపెడిక్ సర్జన్లూ చేస్తారు. ఎవరు మేలు అని చాలామంది అడుగుతారు, మామూలు డిస్క్ ఆపరేషన్లకి, ఫ్యూజన్లకి ఆ తేడా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నరాల లోపలి గడ్డలైతే న్యూరోసర్జన్, పెద్ద వంకరలు సరిచేయడమైతే ఎక్కువగా ఆర్థోపెడిక్ నేపథ్యం. ఇద్దరిలో ఎవరైనా, ప్రత్యేకంగా వెన్నెముక మీదే ఫెలోషిప్ చేశారా, ఎక్కడ, ఎంతకాలం, ఇప్పుడు వాళ్ల పనిలో వెన్నెముక ఎంత భాగం అన్నది చూడండి. మోకాళ్లు, తుంటి, భుజం అన్నీ చేస్తూ నెలకి రెండు వెన్నెముకలు చేసేవాళ్ల దగ్గరికి విమానమెక్కి వెళ్లడంలో అర్థం లేదు. కొన్ని రోజుల వర్క్‌షాప్‌ని కూడా ప్రొఫైల్‌లో ఫెలోషిప్ అని రాసుకునేవాళ్లుంటారు, అందుకే ఎంతకాలం అని తప్పకుండా అడగాలి.

సభ్యత్వాల విషయం కూడా అంతే. యూరోస్పైన్, ఏఓ స్పైన్, నార్త్ అమెరికన్ స్పైన్ సొసైటీ లాంటివి మంచి సంస్థలే, అయినా సభ్యత్వం ఉన్నంత మాత్రాన ఆపరేషన్ చేసే నైపుణ్యాన్ని ఎవరో పరీక్షించారని కాదు.

హాస్పిటల్ గోడ మీది బంగారు ముద్ర గురించి కూడా చెప్పాలి. జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్, జేసీఐ అనే గుర్తింపు హాస్పిటల్ పద్ధతులకి ఇచ్చేది. మందులు సరిగా ఇస్తున్నారా, ఇన్ఫెక్షన్ల నివారణ ఎలా ఉంది, పేషెంట్‌ని సరిగా గుర్తుపడుతున్నారా లాంటివన్నీ చూసి మూడేళ్లకోసారి ఇస్తారు. అది ఉంటే మంచిదే. అది మీ సర్జన్‌కి ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం కాదు. పెద్ద హాస్పిటల్లో ఉన్నారంటే మంచి సర్జనే అయ్యుంటారని అనుకునేవాళ్లు క్రిస్టఫర్ డంచ్ కేసు తెలుసుకోవాలి. అమెరికాలోని టెక్సస్‌లో ఈ న్యూరోసర్జన్ రెండేళ్లలో ఆపరేషన్ చేసిన 38 మందిలో 33 మందికి హాని జరిగింది, ఇద్దరు చనిపోయారు. ఒక హాస్పిటల్ నుంచి రాజీనామా చేసి బయటికొచ్చి ఇంకో హాస్పిటల్లో చేరుతూ పోయాడు, అతని గతం ఆ తర్వాతి పేషెంట్లకి చేరలేదు. 2017లో యావజ్జీవ శిక్ష పడింది. ఇలాంటివి అరుదే. కానీ అంత నిఘా ఉన్న దేశంలోనే పేషెంట్లకి తెలియలేదంటే, పరాయి దేశంలో భాష కూడా రాని మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. ఒక సర్జన్ తరచుగా హాస్పిటళ్లు మారుతూ వచ్చారని కనిపిస్తే కారణం అడగడానికి మొహమాటపడకండి.

5. ఇద్దరి అభిప్రాయం విడివిడిగా తీసుకోండి

ఒకే ఫైల్ ఇద్దరికి, కుదిరితే ముగ్గురికి పంపండి. మొదటివాళ్లు ఏం చెప్పారో రెండోవాళ్లకి చెప్పకండి. చెబితే చాలామంది దాని చుట్టూనే మాట్లాడతారు. వాళ్లలో ఒకరైనా మీకు ఆపరేషన్ చేయబోనివాళ్లు ఉండాలి, మీ ఊరి సర్జనో, ఆపరేషన్లు చేయని ఫిజికల్ మెడిసిన్ డాక్టరో. ముగ్గురూ ఒకే లెవల్, ఒకే పద్ధతి చెబితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఒకరు చిన్న డిస్కెక్టమీ చాలంటే, ఇంకొకరు మూడు లెవల్స్ ఫ్యూజన్ అన్నారా, అక్కడితో ఆగి ఆ తేడా ఎందుకొచ్చిందో ఇద్దరినీ అడగాలి. మా అక్క విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. తేడా ఎందుకని అడిగితే ఒకరు వంగి తీసిన ఎక్స్‌రేలు తెరిచి ఆమె పూస ఎక్కడా జరగట్లేదని వేలు పెట్టి చూపించారు. రెండోవాళ్ల దగ్గర్నుంచి కోఆర్డినేటర్ ద్వారా "మా డాక్టర్ గారు అలాగే చేస్తారు" అన్న ఒక్క లైను వచ్చింది.

6. వీడియో కాల్‌లో అడగాల్సినవి

కాల్ సర్జన్‌తోనే జరగాలి. ఎన్నిసార్లు అడిగినా కోఆర్డినేటరో జూనియరో మాట్లాడితే ఆ పేరు జాబితాలోంచి తీసేయండి, ఆపరేషన్‌కి ముందే 20 నిమిషాలు ఇవ్వలేనివాళ్లు ఆపరేషన్ తర్వాత కాంప్లికేషన్ వచ్చినప్పుడు ఫోన్ ఎత్తుతారన్న నమ్మకం నాకు లేదు.

మొదటి కొన్ని నిమిషాలు మీరు ఏమీ అడక్కండి, ఆయన ఏమడుగుతున్నారో వినండి. నొప్పి ఎక్కడికి దిగుతోంది, మడమల మీద, మునివేళ్ల మీద నడవగలరా, మూత్రం ఎలా ఉంది, రోజులో ఏ పని ఆగిపోయింది అని అడిగేవాళ్లు మిమ్మల్ని చూస్తున్నారు. తేదీల గురించి మాత్రమే మాట్లాడేవాళ్లు థియేటర్ ఖాళీని చూస్తున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. "ఇదే ఆపరేషన్, ఇదే లెవల్‌లో, పోయిన 12 నెలల్లో మీరు స్వయంగా ఎన్ని చేశారు?" మొత్తం వెన్నెముక ఆపరేషన్ల సంఖ్యతో మనకి పనిలేదు. ఐదు వేల ఆపరేషన్లు చేశానన్నవాళ్లు మీకు కావలసిన కృత్రిమ డిస్క్‌ని ఏడాదికి నాలుగే పెడుతుండొచ్చు.

"ఇన్ఫెక్షన్ ఎంతమందికి వచ్చింది, నరాల చుట్టూ ఉండే డ్యూరా పొర ఎంతమందికి చిరిగింది, రెండేళ్లలోపు ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది?" ఈ మూడిటికీ అంకెలతో జవాబిచ్చేవాళ్లు లెక్కలు రాసుకుంటున్నట్టు. నా చేతిలో ఒక్క కేసూ పాడవలేదని ఎవరైనా అంటే నమ్మకండి. డ్యూరా చిరగడమనేది ఎంత అనుభవమున్నవాళ్లకైనా అప్పుడప్పుడు జరుగుతుంది, పాత ఆపరేషన్ చోట మళ్లీ తెరిచినప్పుడు ఇంకా ఎక్కువ. చిరిగితే ఏం చేస్తారో ప్రశాంతంగా వివరించేవాళ్లు కావాలి మనకి.

"ఫలితాన్ని దేనితో కొలుస్తారు?" నడుముకైతే ఆస్వెస్ట్రీ అనే ప్రశ్నాపత్రం 1980 నుంచి వాడుకలో ఉంది, కూర్చోవడం, నడవడం, నిద్ర, బరువులెత్తడం లాంటి వాటి మీద 0 నుంచి 100 దాకా స్కోరు వస్తుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. మెడకి అలాంటిదే ఇంకొకటి ఉంది. స్వీడన్‌లో స్వేస్పైన్ అనే జాతీయ రిజిస్టర్ ఆపరేషన్ అయినవాళ్లని ఏళ్ల తరబడి అడిగి ఇలాంటి జవాబులు నమోదు చేస్తుంది. మీ సర్జన్ ఏ రిజిస్టర్‌లోనైనా తన కేసులు నమోదు చేస్తున్నారా అని అడగండి. ఎక్స్‌రేలో స్క్రూలు చక్కగా కూర్చున్నాయనడం పేషెంట్ బాగున్నాడనడానికి సాక్ష్యం కాదు.

"సరైన లెవల్‌లోనే ఉన్నామని థియేటర్‌లో ఎలా నిర్ధారించుకుంటారు?" కోత పెట్టాక పూసలు చూసి లెక్కపెట్టడం నమ్మదగిన పద్ధతి కాదు, ఎక్స్‌రే తీసి సరిచూడాలి. తీస్తామని సూటిగా చెప్పాలి.

"నేను ఆపరేషన్ చేయించుకోకపోతే ఏడాదిలో ఏమవుతుంది?" అలాగే "నా కేసులో మీకు కాస్త ఆందోళన కలిగించేది ఏంటి?" ఈ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టం. అక్కకి చివరికి ఆపరేషన్ చేసిన సర్జన్ దీనికి జవాబుగా ఆమె షుగర్ గురించి మాట్లాడారు, అది అదుపులోకి వచ్చేదాకా తేదీ ఇవ్వనన్నారు. మేము ఆయన్ని ఎంచుకున్నది ఆ ఒక్క మాటతోనే.

"ఆపరేషన్ మొత్తం మీరే చేస్తారా?" సహాయకులు ఉండటం మామూలే, శిక్షణలో ఉన్నవాళ్లు కుట్లు వేయడమూ మామూలే. నరాల దగ్గర పని, స్క్రూలు పెట్టడం ఎవరు చేస్తారన్నది పేరుతో సహా అంగీకార పత్రంలో రాయించుకోండి. పేషెంట్ మత్తులోకి వెళ్లాక వేరేవాళ్లొచ్చి ఆపరేషన్ చేసిన ఉదంతాల వల్లే దక్షిణ కొరియా చట్టం చేసి, 2023 సెప్టెంబర్ నుంచి పేషెంట్‌కి స్పృహ లేకుండా ఆపరేషన్ చేసే థియేటర్లలో కెమెరాలు తప్పనిసరి చేసింది, పేషెంట్ అడిగితే రికార్డ్ చేయాలి.

చివరిగా, "అక్కడికి వచ్చాక మీరు చేత్తో పరీక్షించి ఆపరేషన్ వద్దంటే?" వీడియోలో మోకాలి రిఫ్లెక్స్ చూడలేరు, పాదం బలం చూడలేరు. అందుకే ఆపరేషన్‌కి కనీసం ఒకటి రెండు రోజుల ముందు మీరు మెలకువగా ఉండగా సర్జన్ స్వయంగా పరీక్షించాలి, అవసరమైతే ప్లాన్ మార్చాలి, వద్దంటే మీ అడ్వాన్స్ వెనక్కివ్వాలి. ఈ మూడూ ముందే మెయిల్‌లో రాయించుకోండి.

భాష రాకపోతే మెడికల్ ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. మీ ఆపరేషన్ జరిగితేనే కమీషన్ వచ్చే ఏజెంట్ అనువాదకుడిగా కూర్చోకూడదు. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో కొన్ని రోజుల ముందే రావాలి, స్ట్రెచర్ మీద పడుకున్నాక సంతకం పెట్టడం పద్ధతి కాదు.

7. ఇంప్లాంట్ల సంగతి

స్క్రూలు, కేజ్, డిస్క్ ఏ కంపెనీవి, ఏ మోడల్, ఆ దేశంలో అనుమతి ఉందా, మీరు తిరిగొచ్చే దేశంలో దొరుకుతాయా? చాలామందికి తట్టని ప్రశ్న ఇది. రేపు ఒక స్క్రూ వదులై తీయాల్సి వస్తే ఆ కంపెనీ స్క్రూకి సరిపోయే పనిముట్లే కావాలి, ఎవరికీ తెలియని బ్రాండైతే మీ దగ్గరి సర్జన్ చేతిలో అవి ఉండవు. ఎముక అతకడానికి ఏం వాడతారో కూడా అడగండి, మీ తుంటి ఎముకా, దాత ఎముకా, లేక బీఎంపీ అనే ప్రోటీనా. ఈ ప్రోటీన్‌కి అమెరికాలో 2002లో నడుము ఫ్యూజన్‌కి అనుమతి వచ్చింది. మెడలో వాడినప్పుడు ప్రాణం మీదికి తెచ్చే వాపు వచ్చిన కేసులున్నాయని అక్కడి ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరించింది. మీది మెడ ఆపరేషన్ అయితే ఇది తప్పకుండా అడగాలి.

రోబో, లేజర్, కీహోల్ అన్న మాటలకి అంతగా పడిపోకండి. నావిగేషన్, రోబో స్క్రూ సరిగ్గా కూర్చోవడానికి సాయపడే పనిముట్లు. ఏ లెవల్‌లో చేయాలి, అసలు చేయాలా అన్నది నిర్ణయించేది మనిషే.

8. హాస్పిటల్‌లో చూడాల్సినవి

రాత్రి రెండింటికి కాలు కదలడం లేదంటే అదే బిల్డింగ్‌లో ఎమ్మారై తీయగలరా? సర్జన్ లేదా ఆయన స్థాయి వ్యక్తి ఎంతసేపట్లో వస్తారు? ఐసీయూ, రక్తనిధి అక్కడే ఉన్నాయా? కడుపువైపు నుంచి చేసే ఫ్యూజన్ అయితే పెద్ద రక్తనాళాల పక్కనుంచి వెళ్లాలి, కాబట్టి వాస్క్యులర్ సర్జన్ అందుబాటులో ఉండాలి. ఈ పద్ధతిలో మగవాళ్లకి వీర్యం వెనక్కి వెళ్లిపోయే ఇబ్బంది రావచ్చు, పిల్లలు కావాలనుకునేవాళ్లకి సర్జన్ ముందే చెప్పాల్సిన విషయం ఇది. పెద్ద ఆపరేషన్లలో, వెన్నుపాము ఉండే మెడ, వీపు భాగంలో చేసేవాటిలో నరాల సంకేతాలని థియేటర్‌లో గమనించే న్యూరోమానిటరింగ్ ఉందా అని కూడా అడగండి.

9. డబ్బు, ఏజెంట్

ప్యాకేజీలో ఏముందన్నదానికంటే ఏం లేదన్నది ముఖ్యం. అదనపు రోజులు, ఐసీయూ, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది? మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ ముందే అనుకున్న ఆపరేషన్‌నీ, దాని కాంప్లికేషన్లనీ సాధారణంగా కవర్ చేయదు, వేరే పాలసీ చూసుకోవాలి. ఏజెంట్‌ని పెట్టుకోవడం తప్పు కాదు, వీసా, గది, కారు వాళ్లు చూసుకుంటే మీకు టెన్షన్ తగ్గుతుంది. సర్జన్‌ని మాత్రం వాళ్లని ఎంచనివ్వకండి.

10. వెళ్లే ముందు ఒంటి సంగతి

ఫ్యూజన్ అయితే పొగ మానాల్సిందే, పొగ తాగేవాళ్లలో ఎముక అతకకపోవడం ఎక్కువ. కనీసం నాలుగు వారాల ముందు మాని, అతికేదాకా ముట్టకూడదు. మూడు నెలల షుగర్ సగటు, వయసు పైబడినవాళ్లకి ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి, మెత్తబడిన ఎముకలో స్క్రూ పట్టు నిలవదు. రక్తం పలచబడే మందులు ఎప్పుడు ఆపాలో రాతపూర్వకంగా తీసుకోండి, సొంతంగా ఆపకండి.

11. తిరుగు ప్రయాణం, ఇంటి దగ్గరి డాక్టర్

టికెట్ కొనకముందే మీ ఊళ్లో ఒక సర్జన్‌ని కలిసి, తిరిగొచ్చాక నన్ను చూస్తారా అని అడగండి. వేరేవాళ్లు చేసిన ఆపరేషన్‌ని చేపట్టడానికి చాలామంది వెనకాడతారు, కాంప్లికేషన్ వచ్చాక వెతికితే ఇంకా కష్టం. ఒప్పుకున్నవాళ్ల మెయిల్‌ని విదేశీ సర్జన్‌కి ఇచ్చి ఇద్దరినీ కలపండి.

ఎన్నాళ్లు ఉండాలి? చిన్న డిస్కెక్టమీకైనా కుట్లు తీసి గాయం చూసేదాకా, అంటే రెండు వారాలు, ఉండమనే నేను చెబుతాను. ఫ్యూజన్‌కి అంతకంటే ఎక్కువ, వంకర సరిచేసినదైతే ఇంకా ఎక్కువ. విమానమెక్కే తేదీ సర్జన్ కాగితం మీద రాసివ్వాలి. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అది మామూలు మనుషుల లెక్క, ఆపరేషన్ అయినవాళ్ల ప్రమాదం అంతకంటే ఎక్కువే. నివారణ మందులు, బిగుతు మేజోళ్లు కావాలా అని అడగండి. పక్కన ఒక మనిషి లేకుండా వెళ్లకండి, మీ సూట్‌కేసు మీరు ఎత్తకూడదు కదా.

డిశ్చార్జ్ రోజున ఇవి చేతిలోకి వచ్చేదాకా కదలొద్దు: ఆపరేషన్ నోట్స్ పూర్తిగా, ఇంప్లాంట్ల లాట్ నంబర్లున్న స్టిక్కర్ల కాపీ, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే డైకామ్ ఫైళ్లు, మందుల జనరిక్ పేర్లు, ఏ వారంలో ఏ వ్యాయామం, సర్జన్‌ని నేరుగా చేరే నంబర్. ఆరు వారాలు, మూడు నెలలు, ఏడాది దగ్గర వీడియోలో చూస్తారని తేదీలు వేయించుకోండి. ఫ్యూజన్ అతకడానికి నెలలు పడుతుంది, ఆరు వారాల ఎక్స్‌రేతో అంతా అయిపోయినట్టు కాదు.

ఇంటికొచ్చాక గాయం నుంచి చీము, నీరు, జ్వరం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం, లేచి కూర్చుంటే వచ్చి పడుకుంటే తగ్గే తలనొప్పి, పిక్కలో వాపు, ఆయాసం, కొత్తగా బలహీనత, మూత్రం ఆగిపోవడం వీటిలో ఏది కనిపించినా ముందు మీ ఊరి ఎమర్జెన్సీకి వెళ్లి, దారిలో విదేశీ సర్జన్‌కి ఫోన్ చేయండి. ఆ తలనొప్పి డ్యూరా నుంచి నీరు కారుతోందనడానికి గుర్తు కావచ్చు, ఆయాసం ఊపిరితిత్తుల్లోకి గడ్డ చేరిందనడానికి. ఫ్యూజన్ తర్వాత లోపలి ఇన్ఫెక్షన్ కోసం 90 రోజులు గమనిస్తారు, కాబట్టి మూడు నెలలు దాటేదాకా గాయాన్ని రోజూ ఎవరో ఒకరు చూడాలి, వారానికో ఫొటో తీసి తేదీతో దాచండి. చీము పడితే కల్చర్ (ఏ క్రిమి వల్ల వచ్చిందో తేల్చే పరీక్ష) చేయకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టనివ్వకండి, వీలైనంతవరకూ. ఏ దేశంలో, ఏ తేదీన ఆపరేషన్ జరిగిందో ఆ డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పండి.